వెళ్ళేటప్పుడు ఏడు గంటలు, వచ్చేటప్పుడు మూడు

ఫార్మింగ్టన్ హిల్స్, మిచిగన్
మార్చి 5, 2025

వదినగారు రాగిణి గారికి,

జ్ఞానప్రసూన నమస్కారాలు. ఇక్కడ మంచు ఇంకా కరగలేదు గానీ మేమిద్దరం బాగానే ఉన్నాం. కాలిఫోర్నియాలో మీకు ఎండలు కాస్తుంటాయి, ఇక మీ క్షేమం అడగడం ఎందుకు!

కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఎన్నేళ్ళయిందో. నా అక్షరాలు కోడి కెలికినట్టుంటే సర్దుకోండి. పిల్లలు మనిద్దరినీ వాట్సాప్ గ్రూపులోంచి తీసేసి, "ఆగస్టులో పెళ్ళయ్యేదాకా మీరిద్దరూ నో కాల్స్, నో మెసేజెస్. ఏదన్నా చెప్పుకోవాలంటే లెటర్ రాసుకోండి. అది చేరేలోపు కోపం తగ్గుద్ది" అని ఒట్టు వేయించుకున్నారు కదా. నిశ్చితార్థం ఫొటోలో నా చీర కింద మీరు పెట్టిన ఆ పళ్ళికిలించే బొమ్మ వెక్కిరింపు కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నేను తిరిగి పెట్టిన బొమ్మలు మాత్రం వెక్కిరింపే.

ఇక అసలు విషయం. మా నైనిక లిస్బన్‌లో కూర్చుని సముద్రంలో సార్డీన్ చేపలు ఎన్ని ఉన్నాయో లెక్కబెడుతోంది. ఇంటావంటా చేప ఎరగనివాళ్ళం, మాకు పుట్టిన పిల్ల చేపల డాక్టరైంది. మీ ఆరవ్ హెల్సింకీలో వీడియో గేములు తయారు చేస్తున్నాడు. ఇద్దరూ అమెరికాలో పుట్టి, ఒకే కాలేజీలో చదివి, ఐరోపా ఖండానికి ఒకరు ఈ కొసనా ఒకరు ఆ కొసనా వెళ్ళి కూర్చున్నారు. పెళ్ళయ్యాక ఎవరు ఎవరి ఊరికి మారాలో ఇప్పటికీ తేల్చలేదు.

నేను తేల్చాను. నైనిక నాకు టికెట్ల ఫొటోలు పంపింది. మీ అబ్బాయి హెల్సింకీలో పొద్దున ఎనిమిదింటికి ఎక్కితే లిస్బన్‌లో పదకొండింటికి దిగాడు. మూడు గంటలు! మా పిల్ల లిస్బన్‌లో పదకొండున్నరకి ఎక్కితే హెల్సింకీలో దిగేసరికి సాయంత్రం ఆరుంబావు. దాదాపు ఏడు గంటలు! అదే విమానాశ్రయం, అదే ఆకాశం. మీవాడు ఎక్కితే పరిగెత్తే విమానం మా పిల్ల ఎక్కితే పాకుతుందా? మగపిల్లాడికి మంచి టికెట్ కొని, ఆడపిల్లని చుట్టు తిప్పి తీసుకెళుతున్నారా అని నాకు అనుమానం. ఎవరికి ప్రయాణం తేలికో వాళ్ళే మారడం న్యాయం. ఆరవ్‌నే లిస్బన్ రమ్మనండి.

మా ఇంట్లోనే నేను నడిపే డేకేర్‌లో ఒక పిల్లాడు నా కళ్ళజోడు కొరికేశాడు. ఇదంతా ఒక అద్దంతో రాస్తున్నాను. కోపంగా రాయలేదు, తప్పుగా అనుకోకండి.

ఇట్లు,
ఒంటికన్ను వదిన,
జ్ఞానప్రసూన


డబ్లిన్, కాలిఫోర్నియా
మార్చి 11

జ్ఞానప్రసూన వదినకు,

మీ ఉత్తరం అందింది. ఆఫీసులో మీటింగ్ నడుస్తుండగా టేబుల్ కింద పెట్టుకుని చదివాను. నవ్వాపుకోలేక కెమెరా ఆఫ్ చేశాను.

వదినా, ఇరవై రెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. మీ లెక్కలో తప్పు పట్టడానికి నాకు అర నిమిషం పట్టలేదు. టైమ్ జోన్! హెల్సింకీ గడియారం లిస్బన్ గడియారం కన్నా రెండు గంటలు ముందు నడుస్తుంది. విమానం అటైనా ఇటైనా గాల్లో ఉండేది సుమారు ఐదు గంటలే. మా వాడు వచ్చేటప్పుడు రెండు గంటలు వెనక్కి తిప్పుకుంటాడు, మీ పిల్ల వెళ్ళేటప్పుడు ముందుకు తిప్పుకుంటుంది. అంతే. ఇందులో ఆడామగా ఎక్కడున్నారు?

ఐరోపా మొత్తం కలిపితే మీ మిచిగన్ అంత ఉంటుందని, అందులో రెండు టైములేమిటని మీరు అంటారని ఆరవ్ ముందే చెప్పాడు.

ఇంకో మాట. మీరు ఒక్క వైపు టికెటే చూసి ఏడుస్తున్నారు. పోయినోళ్ళు మళ్ళా తిరిగి రారా? నైనిక పోయిన పూట లెక్క ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఎట్లా? ఇది ఎప్పటికైనా అందరూ అర్థం చేసుకోవాల్సిన విషయమే.

కాబట్టి, ప్రయాణం ఇద్దరికీ సమానమే. అప్పుడు హెల్సింకీయే మేలు. అక్కడా సముద్రం ఉంది, అందులోనూ చేపలుంటాయి. నైనిక వాటిని లెక్కబెట్టుకోవచ్చు. చలి అంటారా, మీ మిచిగన్‌లో పెరిగిన పిల్లకు చలేమిటి?

మా ఆయన తేజేశ్వర్ ఈమధ్య సాంబారు నేర్చుకున్నాడు. ఎనిమిది రోజులుగా సాంబారే తింటున్నాం. కాపాడండి.

మీ
రాగిణి


ఫార్మింగ్టన్ హిల్స్
మార్చి 17

రాగిణి గారికి,

మీ ఉత్తరం చదివి కూలబడ్డాను. డేకేర్ పిల్లలకు అన్నం పెట్టే వేళ, చేతిలో గరిటె చేతిలోనే ఉంది.

లెక్క తప్పంటే తప్పే కావచ్చు. కానీ పెళ్ళి పెట్టుకుని, పసుపు కొట్టకముందే, నా ఒక్కగానొక్క పిల్ల గురించి మీరు రాసిన ఆ మాట! దాన్ని మళ్ళీ రాయడానికి నాకు చెయ్యి రాదు. ఎంత కోపమున్నా కాబోయే కోడలి గురించి అలా రాస్తారా? అదీ నవ్వుతూ, మధ్యలో సాంబారు సంగతులతో!

నైనికకి ఫోన్ చేసి ఏడ్చాను. "ఆంటీ ఏం రాశారు అమ్మా?" అంది. "నోటితో అనకూడదమ్మా, ఏదో అశుభం రాసింది, నువ్వు మాత్రం ఈ నెల విమానం ఎక్కకు" అన్నాను.

దేవుడి దగ్గర దీపం పెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంతకన్నా ఏమీ అనను.

జ్ఞానప్రసూన


డబ్లిన్, కాలిఫోర్నియా
మార్చి 24

వదినకు,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇంత కోపం ఎందుకొచ్చిందో చివరికి అర్థమైంది. మీకు లెక్కలు రావన్నట్టు రాశాను, అది మీ మనసుకు తగిలింది. క్షమించండి. పెద్దవారు, అలా మొహం మీద రాయాల్సింది కాదు.

కానీ వదినా, నేను రాసింది మాత్రం నిజం. మీరు ఏడ్చినా, దీపం పెట్టినా అది మారదు. భూమి తిరుగుతున్నంత కాలం జరిగేదే. మీ ఆయన ఈశ్వరయ్య గారు ఇంజనీరు కదా, అడగండి, ఆయనా అదే చెబుతారు. గుండె దిటవు చేసుకుని ఒప్పుకోవడమే.

నైనిక మొన్న శుక్రవారం హెల్సింకీకి రాలేదు. ఆరవ్ పువ్వులు కొనుక్కుని ఎయిర్‌పోర్టుకు వెళ్ళి నిలబడితే అప్పుడు వచ్చింది మెసేజ్, టికెట్ క్యాన్సిల్ చేశానని. "మీ మామ్ నా గురించి బ్యాడ్‌గా రాసిందంట, నువ్వు అడగవా?" అన్నదట. వీడు "మా మామ్ టైమ్ జోన్స్ గురించి రాసింది, మీ మామ్ ఓవర్‌యాక్షన్" అన్నాడట. అంతే, అక్కడినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ పువ్వులు ఎయిర్‌పోర్టులో ఎవరో ముసలాయనకు ఇచ్చి వచ్చాడు.

వాణ్ని తిట్టాను. మీరు కూడా మీ అమ్మాయికి నచ్చజెప్పండి. ఒక చిన్న లెక్క కోసం పెళ్ళి చెడగొట్టుకుంటామా?

మీ
రాగిణి


రాగిణి వంటిల్లు, డబ్లిన్, కాలిఫోర్నియా
ఏప్రిల్ 12, శనివారం

రాగిణీ,

గారూ లేదు, మీరూ లేదు. నీ ఇంట్లో, నీ కుర్చీలో కూర్చుని, నీ కప్పులో నీ మొగుడు పెట్టిన టీ తాగుతూ రాస్తున్నాను. ఇంకా మర్యాదలేమిటి?

ఇందాక ఫోన్‌లో మనిద్దరం నవ్వడంతోనే సరిపోయింది. నువ్వు నవ్వుతూ ఏడ్చావు, నేను ఏడుస్తూ నవ్వాను, ఒక్క మాటా పూర్తి కాలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాసి నీ ఫ్రిజ్ మీద అంటిస్తున్నాను.

నీ రెండో ఉత్తరం చదివాక నా ఒళ్ళు మండింది. "ఏడ్చినా మారదు, జరిగేదే, ఒప్పుకోండి" అని రాశావు! ఇక జవాబు రాయకూడదనుకున్నాను. కానీ మొన్న బుధవారం నైనిక ఫోన్ చేసి, "అమ్మా, పెళ్ళి పోస్ట్‌పోన్ చేద్దాం. నేను రింగ్ తీసేశాను" అంది. దాని గొంతులో ఏడుపు కూడా లేదు, దానికే నాకు భయమేసింది. దాని అల్లరి, దాని చేపల కబుర్లు, అన్నీ ఏమయ్యాయి? ఇక పరువూ పౌరుషమూ పక్కనపెట్టి, నీ ఎదురుగా నిలబడి "నా పిల్ల నిన్నేం చేసింది?" అని అడుగుదామనుకున్నాను. ఒట్టు ఫోన్ల మీదే గానీ విమానాల మీద కాదుగా! మా ఆయన్ని "శనివారం పొద్దున టికెట్ బుక్ చేయి" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. అదీ ఆయనలో మంచి గుణం.

డెట్రాయిట్‌లో ఎనిమిదిన్నరకి ఎక్కాను. దిగి గోడ మీద గడియారం చూస్తే పది నలభై. రెండు గంటల్లో అమెరికా దాటేశాను! నా ఒంటికి మాత్రం ఐదు గంటలు కూర్చున్న నడుంనొప్పి ఉంది. ఆ గడియారం కింద పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వదినా, టైమ్ జోన్ అంటే ఏమిటో నా నడుముకి అప్పుడర్థమైంది.

సరే, టాక్సీలో నీ ఇంటికొచ్చి బెల్ కొట్టాను. మీ ఆయన తలుపు తీశాడు. గడ్డం గీసుకోలేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తర్వాత తెలిసింది ఉల్లిపాయలు తరుగుతున్నాడని. "రాగిణి ఉందా అండీ?" అన్నాను.

ఆయన నన్ను చూసి బిత్తరపోయి, "అయ్యో, మీరొచ్చిన్రా... రాగిణి పొద్దుగాల్నే పోయిందండీ" అన్నాడు.

అంతే. నా చేతిలో పెట్టె జారిపోయింది. గుమ్మంలోనే కూలబడి, "అయ్యో రాగిణీ! నిన్ను ఎన్ని మాటలన్నాను తల్లీ! చివరి చూపు కూడా దక్కలేదే!" అని శోకాలు మొదలుపెట్టాను. పక్కింటి తెల్లావిడ కుక్కని పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మీ ఆయన గరిటె పట్టుకుని, "అక్కా, అక్కా, ఏమైంది? ఎందుకు ఏడుస్తున్నవ్? మీ ఇంటికే పోయింది! ఫ్లైట్‌ల పోయింది! మూడున్నరకు దిగుతది!" అని అరుస్తున్నాడు.

నా ఏడుపు నోట్లోనే ఆగిపోయింది. "పోయింది అంటే... వెళ్ళిందా?" అన్నాను.

"మరి పోకుంటే ఎట్ల వస్తది?" అన్నాడు.

అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. పోయినోళ్ళు. పోయిన పూట. రాగిణీ, మా ఒంగోలులో పోయినవాళ్ళంటే ఫొటోకి దండ పడ్డవాళ్ళే! నువ్వు నా బంగారుతల్లిని పోయినవాళ్ళలో కలిపేశావని నెల రోజులు దీపాలు పెట్టాను. ఆ తెల్లావిడ ముందు గుమ్మంలో కూర్చునే పగలబడి నవ్వాను. ఆవిడ 911కి ఫోన్ చేయబోతే మీ ఆయన ఆపాడు.

నువ్వూ నేనూ ఈ పూట గాల్లో ఎక్కడో ఎదురుబొదురు దాటుకున్నాం. కిటికీలోంచి చూసి ఉంటే చెయ్యి ఊపేదాన్ని.

మీ ఆయన సాంబారు నిజంగానే కాపాడాల్సిన స్థితిలో ఉంది. చింతపండు తగ్గించమన్నాను. నువ్వు అక్కడే ఉండు, కదలకు. నేను రేపు సాయంత్రానికి వచ్చేస్తాను. మళ్ళీ గాల్లో దాటుకుంటే ఇక మన వల్ల కాదు.

నీ వదిన,
ప్రసూన


ఫార్మింగ్టన్ హిల్స్ (మీ ఇల్లే!)
ఏప్రిల్ 13, ఆదివారం పొద్దున

ప్రసూన వదినా,

నువ్వు ఇంకా విమానం ఎక్కలేదు. ఈశ్వరయ్య అన్నయ్య నిన్ను తీసుకురావడానికి ఇప్పటినుంచే కారు కడుగుతున్నాడు. నాకేమో ఊరికే కూర్చోవడం చేతకాదు, అందుకే రాస్తున్నాను. దీన్ని నీ పోపులపెట్టె కింద పెడతాను, నేను వెళ్ళాక చదువు.

నేనెందుకొచ్చానో చెప్పనివ్వలేదు నువ్వు. గురువారం ఆరవ్ ఫోన్ చేశాడు. ఎప్పుడూ స్క్రీన్ వైపు చూస్తూ మాట్లాడేవాడు నా వైపే చూస్తూ, "మామ్, నేను ఏమన్నా రాంగ్ చేశానా?" అన్నాడు. నాకు ఏ తప్పు దొరికినా అది ఎక్కడుందో పట్టేదాకా నిద్రపట్టదు. ఇది పట్టలేకపోయాను. నీ కాళ్ళయినా పట్టుకుని ఏమైందో కనుక్కుందామని బయల్దేరాను.

నిన్న పొద్దున ఎనిమిదింటికి ఎక్కాను. దిగేసరికి పావు తక్కువ నాలుగు! శనివారమంతా విమానమే తినేసింది. టైమ్ జోన్ పాఠం చెప్పిన నేనే, "ఏంది ఇంత లేటు?" అని పక్క సీటాయన్ని అడిగాను. నీ ఏడు గంటల గోల ఏమిటో అప్పుడు తెలిసింది. లెక్క నాదే కరెక్టు వదినా, కానీ ఆ పూట పోవడం మాత్రం నిజంగా పోవడమే. అయ్యో, మళ్ళీ ఆ మాట! ఊరికి పోవడం, ఊరికి!

అన్నయ్య రాత్రి మ్యాప్ తెరిచి ఇంకోటి చూపించాడు. హెల్సింకీ నుంచి లిస్బన్‌కి ఎంత దూరమో, మీ డెట్రాయిట్ నుంచి మా శాన్‌ఫ్రాన్సిస్కోకి దాదాపు అంతే. రెండు వేల మైళ్ళ పైచిలుకు. మనం పిల్లలకు చెబుతున్నాం, మారండి, కదలండి అని. మనమిద్దరం ఇంతకుముందు ఒక్కసారైనా ఒకరి గడప ఒకరం తొక్కామా?

అన్నయ్య, మా ఆయన, ఇద్దరూ కలిసి నిన్న పిల్లలిద్దరినీ ఒకే కాల్‌లోకి లాగారు చూశావా! నువ్వు మా గుమ్మంలో శోకాలు పెట్టిన సంగతి తేజేశ్వర్ యాక్షన్ చేసి చూపిస్తుంటే నైనిక నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. ఆరవ్ "ఆర్ యూ ఓకే?" అన్నాడు. మూడు వారాల తర్వాత వాడు ఆ పిల్లతో అన్న మొదటి మాట అది. నేను అన్నయ్య చేతిలోంచి ఫోన్ లాక్కుని కట్ చేశాను. వాళ్ళు వేరే కాల్ చేసుకుంటారు, మనకెందుకు?

నీ డేకేర్ కుర్చీలు ఎంత చిన్నవో! ఒకదాంట్లో కూర్చుంటే లేవలేకపోయాను. అన్నయ్య వచ్చి లాగాడు.

నీ
రాగిణి


డబ్లిన్, కాలిఫోర్నియా
ఏప్రిల్ 22

వదినా,

ఒట్టు తీసేశారు కాబట్టి ఫోన్ చేయొచ్చు. కానీ ఈ కబురు రాస్తేనే బాగుంటుంది.

నైనిక శుక్రవారం హెల్సింకీలో దిగింది. ఆరవ్ పువ్వులు తీసుకెళ్ళలేదట, "పోయినసారివి వేస్ట్ అయినయ్ కదా" అని. వట్టి పిసినారి. ఇద్దరూ ఇంటికి కూడా పోకుండా, ఎయిర్‌పోర్టులోనే కాఫీలు తాగుతూ సాయంత్రమంతా కూర్చున్నారట. మనం చెప్పిన కారణాలన్నీ పక్కకు పెట్టి, వాళ్ళవి వాళ్ళు మాట్లాడుకున్నారు. నైనిక చేపల పని మధ్యలో వదిలితే నాలుగేళ్ళ కష్టం పోతుంది. ఆరవ్ గేములు ఎక్కడ కూర్చున్నా చేయొచ్చు. నెలకొక వారం ఆఫీసుకు వస్తే చాలని వాళ్ళ బాసు ఒప్పుకున్నాడు.

నిన్న వాడు ఫోన్ చేసినప్పుడు నేను కాస్ట్‌కోలో బియ్యం బస్తా ఎత్తుతున్నాను. "మామ్, నేను లిస్బన్ మూవ్ అవుతున్నాను. నీకు ఓకేనా?" అన్నాడు. నేను హెల్సింకీ కోసం ఎంత వాదించాను! అయినా వాడి గొంతు విన్నాక నాకు ఓడిపోయినట్టే అనిపించలేదు. "పోరా, పో, జల్ది పో!" అని అంత పెద్ద షాపులో కేక పెట్టాను. అందరూ బండ్లు ఆపి చూశారు. బస్తా వదిలేసి వచ్చేశాను. ఇంట్లో ఇప్పుడు బియ్యం లేవు.

పెళ్ళి కూడా అక్కడేనట, సముద్రం ఒడ్డున. నువ్వు డెట్రాయిట్ నుంచి, మేము ఇక్కడినుంచి నెవార్క్ చేరితే అక్కడినుంచి అందరం ఒకే విమానం. పక్కపక్క సీట్లు నేనే బుక్ చేస్తాను. నీకు వదిలేస్తే ఎదురెదురు విమానాలు ఎక్కిస్తావు.

ఓడినా గంతులేస్తున్న
రాగిణి


విమానంలో, సముద్రం మీద
ఆగస్టు 14, తెల్లవారుతుండగా

రాగిణీ,

నువ్వు నా పక్క సీట్లోనే ఉన్నావు. నోరు తెరుచుకుని, నా భుజం మీద తల పెట్టి నిద్రపోతున్నావు. నా కుడిచెయ్యి నీ కింద ఉండిపోయింది, అందుకే ఎడంచేత్తో రాస్తున్నాను. కాగితం దొరక్క ఎయిర్‌హోస్టెస్ ఇచ్చిన నాప్‌కిన్ మీద.

లేపుదామనుకున్నాను. మనసు రాలేదు. నెవార్క్‌లో నా దగ్గరున్న నైనిక మంగళసూత్రాల పెట్టె స్కానర్‌లో పెట్టమన్నారని ఆ ఆఫీసరుతో గంటసేపు వాదించి అలిసిపోయావు పాపం. "ఇది మా ఇంటి కోడలిది, మెల్లగ పట్టుకో" అని అతనికి తెలుగులోనే చెప్పావు. అతను మెల్లగానే పట్టుకున్నాడు.

మగవాళ్ళిద్దరూ వెనక వరుసలో దొంగచాటుగా జంతికలు తింటున్నారు. అది పెళ్ళికని తెచ్చిన డబ్బా. దిగాక చెబుదాం వాళ్ళ సంగతి.

రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. బెంగతో కాదు. నైనిక పుట్టిన రోజు కూడా ఇలాగే, నర్సు "కాస్త పడుకోండి" అంటుంటే నేను కళ్ళు మూస్తే ఏమైనా మిస్సవుతానేమోనని అలాగే చూస్తూ ఉండిపోయాను. ఇప్పుడూ అంతే. నా లోపల ఎవరో చిన్నపిల్ల గెంతుతోంది. యాభై ఏడేళ్ళ మనిషిని, ఈ వయసులో ఇలా గెంతవచ్చా అని అడిగేవాళ్ళెవరూ ఈ విమానంలో లేరు.

కిటికీ తలుపు కొంచెం ఎత్తాను. మబ్బులు ఎర్రబడ్డాయి. కింద ఎక్కడో తెల్లటి గీతలా ఒడ్డు కనిపిస్తోంది, దాని మీద చిన్న చిన్న ఎర్ర ఇంటికప్పులు. అదిగో, విమానం ఒకపక్కకి వంగింది. ఊరంతా మన ఒళ్ళోకి జారుతున్నట్టుంది. మన పిల్లలు ఈ పాటికి కింద నిలబడి, పైకి చూస్తూ ఉంటారు.

ఇంత చూసి కూడా నేను కూర్చుని ఇంకా రాస్తున్నానేమిటి? లేపేస్తున్నాను.